డెన్‌జిల్ కొట్టిన మేకు

నెల్డా నడిపే దాణా కొట్లోకి అడుగుపెట్టగానే ఎడమచేతి గోడ నిండా చొక్కా తోకలే. వసంతకాలపు వేటలో అడవి టర్కీ కోడిపుంజు మీద తుపాకీ పేల్చి గురి తప్పినవాడు ఎవడైనా సరే, ఆ శనివారం పొద్దున కొట్టుకొచ్చి, అందరి ముందూ స్టూలు మీద కూర్చుని, ఒంటిమీదున్న చొక్కా వెనకంచు కత్తిరించుకోవాలి. ఆ ముక్క మీద పేరూ సంవత్సరమూ సిరాతో రాసి మేకుకి తగిలిస్తారు. పాస్టరుగారి తోక ఉంది. పశువుల డాక్టరుది ఉంది. ఇద్దరు షెరీఫులవి ఉన్నాయి, అందులో ఒకాయనవి మూడు. ఆ గోడ మీద పేరు లేదంటే ఆ మనిషి వేటకే పోనివాడు కావాలి, లేదా వట్టి అబద్ధాలకోరు కావాలి.

ఒలెటా ప్రూయిట్ ఈ రెండూ కాదు. ఆమెకి మేకు ఉంది, ముక్క లేదు.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట, ఆమె పెళ్ళయి ఈ లోయకొచ్చిన మొదటి వసంతంలో, ఆ మేకు కొట్టింది స్వయానా మొగుడు డెన్‌జిల్. పెళ్ళాం కూడా తుపాకీ భుజాన వేసుకుని కొండెక్కుతానంటే ఆయనకి నవ్వొచ్చింది. "మా ఆవిడకి చోటు ఉంచుతున్నా, శనివారానికి నిండుతుంది చూడండి," అని కొట్టంతా వినేలా చెప్పి, మేకు కింద చెక్క మీద ఆమె పేరు కూడా చెక్కాడు. శనివారం వచ్చింది. ఒలెటా సోమవారమే ఇరవై రెండు పౌన్ల పుంజుని పడగొట్టింది. స్టూలు ఎక్కింది డెన్‌జిల్. ఆ తర్వాత ఆయన బతికిన ఇరవై తొమ్మిదేళ్ళలో మొత్తం పదకొండుసార్లు ఎక్కాడు. భార్య మేకు చుట్టూ తోరణం కట్టినట్టు ఆ పదకొండు తోకలూ ఇప్పటికీ వేలాడుతున్నాయి.

ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. మేకు ఇంకా ఖాళీగానే ఉంది.

కత్తెర సంగతి కూడా చెప్పాలి. గొర్రెల బొచ్చు తీసే పాత కత్తెర అది, నెల్డా తండ్రి నాటిది. గురి తప్పని చెయ్యి మాత్రమే దాన్ని పట్టాలని కొట్టు కట్టుబాటు. ఒలెటా వచ్చిన మొదటి వసంతం నుంచీ ఆ చెయ్యి ఆమెదే. పాస్టరుగారి చొక్కా కత్తిరించినప్పుడు కూడా ఆమె చెయ్యి వణకలేదని చెప్పుకుంటారు. ఊరికి చుట్టాలెవరొచ్చినా నెల్డా ముందు చూపించేది ఆ ఖాళీ మేకునే.

ఇంతా చేసి ఒలెటా గొప్పలు పోయే మనిషి కాదు. ముప్ఫై ఒక్కేళ్ళు బడి బస్సు నడిపింది. లోయలో నలభై దాటని వాళ్ళందరూ ఏదో ఒక పొద్దున ఆమె చేత చీవాట్లు తిన్నవాళ్ళే. ఇప్పుడు బస్సు లేదు, పెరట్లో ఉల్లి మళ్ళున్నాయి, ఏప్రిల్ వానలకి వాగొడ్డున మొలిచే, తేనెపట్టులా గూళ్ళున్న పుట్టగొడుగులున్నాయి, ఆదివారం చర్చి అవగానే తిండికొచ్చే మరిది ఆర్లీ ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఇంతకన్నా ఏం కావాలని ఆమె అనుకునేది. నిజంగానే అనుకునేది, ఎవరికో చెప్పడానికి కాదు.

ఆమె దగ్గరున్న సిరి ఒక్కటే, నాయనమ్మ ఇచ్చిన ఎముక బూర. టర్కీ పెట్ట రెక్కలోని మూడు ఎముకలు, మజ్జ తీసి, ఎండబెట్టి, ఒకదాంట్లో ఒకటి దోపి, తేనెమైనంతో అతికించింది. బూర అంటారు కానీ ఊదకూడదు. పెదాలకి ఆనించి, పసిపాప బుగ్గ మీద ముద్దు పెట్టినట్టు పీల్చాలి. సరిగ్గా పీలిస్తే జోడు కోసం తిరిగే పెట్ట గొంతు పలుకుతుంది. ఆ గొంతు విని పుంజు కదిలొస్తుంది. డెన్‌జిల్ పీలిస్తే పొరుగు కుక్క వచ్చేది.

అయితే పిలవడం సగం పనే. మిగతా సగం వినడం. చీకట్లో కొండెక్కి, పుంజు ఏ చెట్టు మీద పడుకుందో దాని కూతని బట్టి పసిగట్టి, అది దిగి ఏ దారిన వస్తుందో ఆ దారికి ఎదురుగా చెట్టుకి చేరగిలబడి కూర్చోవాలి. కూర్చున్నాక కదిలావా, అయిపోయావు. వెంట్రుకవాసి కదిలినా దాని కంటికి ఆనుతుంది.

సరిగ్గా ఇక్కడే ఒలెటాకి దెబ్బ పడింది. పోయిన చలికాలం నుంచి ఆమె ఎడమ చెవి పనిచెయ్యడం మానేసింది. కుడి భుజానికి తుపాకీ ఆనించేవాళ్ళ ఎడమ చెవే గొట్టం మూతికి దగ్గర. ముప్ఫై ఎనిమిది వసంతాల చప్పుడు కలిసి ఆ చెవిని తినేసింది. ఒంటి చెవితో కూత వినపడుతుంది, ఎటునుంచి వచ్చిందో తెలియదు. ప్రపంచంలోని చప్పుళ్ళన్నీ కుడి పక్కకి కాపురం మార్చినట్టుంది ఆమెకి.

ఎవరితోనూ అనలేదు. కొట్లో కూర్చుంటే ఎడమ చెవి గోడవైపు ఉండేలా కూర్చునేది. చెప్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. 'పాపం ఒలెటా' అంటారు. ఇంకెవరైనా సాయంగా కొండెక్కుతామంటారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు తన కాళ్ళతో, తన చెవులతో, ఒంటరిగా తిరిగిన అడవి అది. పాపం అనిపించుకుని అందులోకి అడుగుపెట్టడం ఆమెకి చేతకాదు.

వేట మొదలైన వారం, బుధవారం. తెల్లవారక ముందే ఒలెటా కొండెక్కింది. ఒంటిమీద డెన్‌జిల్ ఎర్రగళ్ళ చొక్కా. ఆయన పోయిన దగ్గర్నుంచీ మొదటి వారం అదే తొడుగుతుంది. దాని వెనకంచు డెన్‌జిల్ తొంభై నాలుగులో గోడకి సమర్పించుకున్నదే. కత్తిరించింది తనే కాబట్టి, నడుముకి చలి కొట్టకుండా తన పాత గౌనులోంచి నీలిపూల ముక్కొకటి చించి అతుకేసింది కూడా తనే.

గట్టు మీద నిలబడి గుడ్లగూబలా ఒక్క కూత కూసింది. గుడ్లగూబ గొంతు వింటే పుంజుకి ఒళ్ళుమంట, ఉండబట్టలేక బదులిస్తుంది. ఇచ్చింది. గొడగొడమని గొంతు తిరగేసి, లోయ దద్దరిల్లేలా కూసింది. మూడేళ్ళుగా ఆమెని తిప్పలు పెడుతున్న ముసలి పుంజే అది. కూత చివర్లో జీర ఉంటుంది దానికి. కుడివైపు వాలులోంచి వచ్చినట్టు వినపడింది. ఆమెకి అన్నీ అటునుంచే కదా వినపడతాయి. ఆ మాట ఆ క్షణాన గుర్తు రాలేదు. కుడి వాలుకి ఎదురుగా ఓక్ మానుకి వీపు ఆనించి, మోకాళ్ళ మీద తుపాకీ పెట్టుకుని కూర్చుంది.

తెలతెలవారుతుంటే డాగ్‌వుడ్ చెట్ల పూలు ఒక్కొక్కటే తెల్లగా బయటపడ్డాయి. బూర పెదాలకి ఆనించి మెల్లగా మూడుసార్లు పీల్చింది. పుంజు బదులిచ్చింది, అదే కుడివైపు. మళ్ళీ పిలిచింది. ఈసారి బదులు లేదు. బదులు మానేసిందంటే బయల్దేరిందని లెక్క. ఒలెటా ఊపిరి బిగబట్టి వాలు మీదనుంచి కళ్ళు తిప్పలేదు.

ధుమ్మ్... అని గుండెలో కొట్టుకున్నట్టయింది. పుంజు ఒళ్ళు విరుచుకున్నప్పుడు వచ్చే చప్పుడది, చెవికన్నా ముందు రొమ్ముకి తెలుస్తుంది. ఇంత గట్టిగా తెలిసిందంటే పది అడుగుల్లో ఉన్నట్టే. ఎదురుగా చూస్తే ఏమీ లేదు.

మెల్లగా తల ఎడమకి తిప్పింది. తోక విసనకర్రలా విప్పి, రొమ్ము మీద కుచ్చు నేలని రాస్తూ, ఎర్రటి తలకాయతో ముసలి పుంజు ఆమె మోచేతి పక్కనే నిలబడి ఉంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. అది చటుక్కున తోక మూసింది. ఒలెటా తుపాకీతో సహా గిరుక్కున తిరిగి, పరుగెత్తుతున్న పక్షిని ఏనాడూ కాల్చని మనిషి, కాల్చేసింది.

డాగ్‌వుడ్ కొమ్మొకటి విరిగి పూలతో సహా కింద పడింది. పుంజు రెక్కలు టపటపలాడిస్తూ లోయ దాటిపోయింది.

దెబ్బ తగిలి ఎక్కడన్నా పడి ఉంటుందేమోనని గంటసేపు వెతికింది. ఒక్క ఈక లేదు, ఒక్క చుక్క నెత్తురు లేదు. ఆ సంగతి రూఢి అయ్యాక ప్రాణం కుదుటపడింది. వెంటనే రెండో సంగతి తట్టింది. ఎవరూ చూడలేదు.

కొండ దిగేసరికి ఆమె ట్రక్కు వెనక తలుపు దించుకుని, దానిమీద కాళ్ళూపుకుంటూ ఆర్లీ కూర్చుని ఉన్నాడు. డెన్‌జిల్ తమ్ముడు, పెళ్ళీ పెటాకులూ లేనివాడు. నోట్లో నువ్వుగింజ నానదని పేరు.

"ఒక్కటే దెబ్బ విన్నా వదినా. మోసుకొస్తావనుకుంటే చేతులూపుకుంటూ వస్తున్నావేంటి?"

"నక్క కనపడింది. బెదరగొట్టా." ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు.

"నక్కా?"

"ఆ, నక్కే."

"నక్క కోసం అంత ఖరీదైన తూటా తగలేశావా? నువ్వు? కాఫీలోకి రెండో చెంచా పంచదార అడిగితే నన్నెగాదిగా చూసే మనిషివి."

"పంచదార నీ ఆరోగ్యానికి మంచిది కాదు," అని ఆమె ట్రక్కెక్కింది.

ఆ తర్వాత మూడు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగింది. పుట్టగొడుగులు వెన్నలో వేయించుకుంటే సుద్దముక్క తిన్నట్టుంది. పోస్టాఫీసు దగ్గర ఫెరిస్ అనే పాత పాలవ్యాపారి, "ఏమ్మా ఒలెటా, నక్క చిక్కిందా?" అని మామూలుగానే అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "నీకెవరు చెప్పారు?" అని కసిరింది. ఎవరు చెప్పారో తెలిసిందే. నక్క కథ లోయంతా తిరిగిందంటే ఆర్లీ పుణ్యమే. పోనీలే, నక్క కథతోనే ఆగింది కదా అని ఊపిరి పీల్చుకుంది. ఊపిరి పీల్చుకున్నందుకు తనని తనే అసహ్యించుకుంది.

శనివారం కొట్టు కిటకిటలాడింది. నెల్డా వేడి రొట్టెలూ మిరియాల గ్రేవీ పెద్ద గిన్నెలో పెట్టింది. ఆ వారం తప్పినవాడు ఒక్కడే, ఆర్లీ. మంగళవారం ఒకే పుంజు మీద రెండుసార్లు కాల్చి, రెండుసార్లూ ఆకాశానికి చిల్లులు పెట్టాడు. దర్జాగా స్టూలెక్కి వీపు తిప్పి కూర్చున్నాడు.

"కానియ్ వదినా. కొత్త చొక్కా, కొంచెం చూసి కత్తిరించు. వేలెడు చాలు."

"రెండు దెబ్బలకి జానెడు!" అన్నాడు ఫెరిస్.

నెల్డా కత్తెర తెచ్చి ఒలెటా చేతిలో పెట్టింది. ఒలెటా చొక్కా అంచు పట్టుకుంది. ఆర్లీ మెడ వెనక జుట్టులో సుడి ఉంది, అచ్చం డెన్‌జిల్‌కి ఉన్నట్టే. పదకొండుసార్లు ఆ సుడి చూస్తూ కత్తిరించింది తను. పదకొండుసార్లూ ఆయన కిక్కురుమనకుండా కూర్చున్నాడు. ఒక్కసారన్నా, 'ఎవరూ చూడలేదు కదా' అనలేదు. పదకొండులో ఏడు ఎవరూ చూడనివే. ఆయనంతట ఆయనే ఇంటికొచ్చి చెప్పినవి.

కత్తెర కదల్లేదు.

"ఏమైంది? మొద్దుబారిందా?" అన్నాడు ఆర్లీ వెనక్కి తిరక్కుండానే.

"కత్తెర బాగానే ఉంది. చెయ్యే పనికిరాదు," అంది ఒలెటా. "బుధవారం నేను కాల్చింది నక్కని కాదు. ఆ జీరగొంతు పుంజుని. మూరెడు దూరంలో ఉంది. తప్పింది."

నోట్లో రొట్టె ఉన్నవాడు నమలడం ఆపేశాడు. ముందు తేరుకున్నది నెల్డా.

"ఎవరన్నా చూశారా?"

"లేదు."

"సాక్షి లేనిది లెక్కలోకి రాదు. అంతే," అంది నెల్డా గబగబా. "కానియ్యండి, రొట్టెలు చల్లారిపోతున్నాయి."

"అవునవును, కొమ్మేదో అడ్డం వచ్చుంటుంది," అన్నాడు ఫెరిస్. "కొమ్మ అడ్డొస్తే తప్పినట్టు కాదు."

"ఆ మాట ఎనభై తొమ్మిదిలో నీకు చెల్లలేదేం?" అంది ఒలెటా. "కొమ్మ అడ్డొచ్చిందని మొత్తుకున్నావు. అయినా కత్తిరించాను."

ఫెరిస్ గోడ మీదున్న తన తోకకేసి చూశాడు.

మనుషుల తీరు ఇంతే. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ మేకు ఎప్పుడు నిండుతుందా అని ఏటేటా ఆరా తీసినవాళ్ళు, తీరా నిండే రోజు వస్తే అడ్డం పడుతున్నారు. ఊళ్ళో ఒక్కరన్నా తప్పనివాళ్ళు ఉంటే తప్పినవాళ్ళందరికీ అదొక ధీమా.

"సాక్షి లేడని ఎవరన్నారు?" అన్నాడు ఆర్లీ.

స్టూలు మీద ఇటు తిరిగి, జేబులోంచి ఒక చెక్కపేడు తీశాడు. డాగ్‌వుడ్ బెరడు, దాంట్లో దిగబడిన మూడు సీసపు గుళ్ళు.

"బుధవారం మధ్యాహ్నం ఆ నక్కేదో చూద్దామని కొండెక్కా. జాడలు దొరికాయి. నక్కకి కాలికి మూడే వేళ్ళుంటాయని నాకు అప్పటిదాకా తెలీదు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఒలెటా నవ్వలేదు.

"బుధవారం నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎవరికీ చెప్పలేదా? నువ్వు?"

కొట్టు మొత్తం ఆర్లీని చూసింది. ఒలెటా గురి తప్పిందన్నదానికన్నా, ఆర్లీ మూడు రోజులు నోరు మూసుకున్నాడన్నదే వాళ్ళకి నమ్మశక్యంగా లేదు.

"నిద్ర పట్టలేదనుకో," అన్నాడతను. "కానీ అది మా అన్న కొట్టిన మేకు. దాని సంగతి చెప్తే నువ్వే చెప్పాలి. చెప్పకపోతే నా చొక్కా కత్తిరించేదానివి, నేను కత్తిరించుకునేవాణ్ణి. ఆదివారం నీ ఇంట్లో తినేవాణ్ణి. అంతే కదా." గొంతు తగ్గించాడు. "ఎటునుంచొచ్చింది వదినా?"

"ఎడమనుంచి." చెప్పేస్తే పోయేదేముంది అనిపించిందామెకి. "ఎడమ చెవి పోయింది ఆర్లీ. చలికాలం నుంచి."

"అనుకున్నా. చర్చిలో నీ ఎడమ పక్కన కూర్చుని మూడు నెలలుగా జోకులేస్తున్నా. ఒక్కదానికీ నవ్వవు. చెవిటివాడి ముందు శంఖమూదినట్టే ఉంది."

"కుడి పక్కన వేసినవాటికి మాత్రం నవ్వానా?"

ఈసారి కొట్టంతా నవ్వింది. 'పాపం' అని ఎవరూ అనలేదు. ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ ఎదురుచూసి భయపడినదానిలా ఒలెటా చుట్టూ చూసింది. ఎవరి మొహంలోనూ అది లేదు.

"సోమవారం నీ ఎడమ పక్కన కూర్చుంటా," అన్నాడు ఆర్లీ. "నాకు గురి లేదు కానీ చెవులున్నాయి. పుంజు ఎటుంటే ఆ మోకాలి మీద తడతా. పిలవడం నీది, కాల్చడం నీది."

అడవిలోకి మరో మనిషి. ఒలెటా చేతిలో కత్తెరని అటూ ఇటూ తిప్పింది.

"మాట్లాడవు కదా?"

"మూడు రోజులు ఆపుకున్నవాణ్ణి, మూడు గంటలు ఆపుకోలేనా?"

"సరే అయితే."

ఇక కత్తెర చిక్కు మిగిలింది. తప్పని చెయ్యి లోయలో ఇంకొకటి లేదు. నెల్డా చేతికిస్తే, ఆమె జన్మలో తుపాకీ పట్టనిది, తప్పే అర్హతే లేదని ఫెరిస్ ఒప్పుకోలేదు. చివరికి ఒలెటాయే తేల్చేసింది. ఇక మీదట తప్పినవాళ్ళకి తప్పినవాళ్ళే కత్తిరిస్తారు, బాధ తెలిసి కత్తిరిస్తారు అంది. అని, ఆర్లీ కొత్త చొక్కా మాత్రం జానెడు కత్తిరించింది. ఆ తర్వాత కత్తెర అతని చేతికిచ్చి తను స్టూలెక్కింది.

ఆర్లీ వెనక నిలబడి ఆగిపోయాడు.

"ఇది అన్నయ్య చొక్కా కదా. దీని తోక ఎప్పుడో పోయింది. ఏం కత్తిరించను?"

"చొక్కా ఆయనదే. అతుకు నాది," అంది ఒలెటా. "కుట్టు వెంబడి కత్తిరించు, గుడ్డ చెడకుండా."

అతను కుట్టు వెంబడే ఒక్కో దారం చూసుకుంటూ కత్తిరించాడు. నీలిపూల ముక్క చేతిలోకొచ్చింది. నెల్డా దానిమీద పేరూ సంవత్సరమూ రాసి, రాస్తూ రాస్తూ ముక్కు తుడుచుకుని, తగిలించడం మాత్రం ఒలెటాకే వదిలేసింది.

ఒలెటా గోడ దగ్గరికెళ్ళింది. మేకుకి తుప్పు పట్టింది కానీ గట్టిగానే ఉంది. దాని పక్కనే 'డెన్‌జిల్, తొంభై నాలుగు' అని రాసిన ఎర్రగళ్ళ ముక్క వేలాడుతోంది, ఆమె ఒంటిమీదున్న చొక్కాదే. ఆమె నీలిపూల ముక్కని తగిలించి, అంచు సవరించింది. రెండు ముక్కలూ ఒకదాన్నొకటి ఆనుకున్నాయి. వెనక నడుముకి చల్లగాలి తగులుతోంది. అయినా మనసుకి హాయిగా ఉంది, బుధవారం నుంచి లేనంత హాయిగా.

"సరే, నువ్వే గెలిచావు డెన్‌జిల్," అంది మెల్లగా. "శనివారానికే నిండింది."